కాలదోషం ఎవరి దోషం?

మన కోర్టు తెలుగులో ‘కాలదోషం’ అనే మాట ఒకటి ఉన్నది. గడువు దాటిపోయి, దావా వేసి వసూలు చేసుకునే యోగ్యత పోగొట్టుకున్న అప్పును ‘కాలదోషం పట్టిన అప్పు’ అంటారు. ప్రోనోటు చేతులు మారే ప్రతి ఊళ్ళోనూ అక్షరం రాని రైతుకు సైతం ఈ మాట తెలుసు. దీన్ని మొదట వాడిన గుమాస్తా ఎవరోగాని లోకం తెలిసినవాడే. ఇంగ్లీషు చట్టం దీన్ని ‘పరిమితి’ అని ఊరుకున్నది. మనవాళ్ళు అందులోకి ‘దోషం’ తెచ్చారు. తెచ్చినవాళ్ళు దాన్ని ఋణదాత నెత్తినా పెట్టలేదు, ఋణగ్రస్తుడి నెత్తినా పెట్టలేదు. గడువు లోపల అడగకుండా కూచున్నది అప్పిచ్చినవాడు, చెల్లించనిది పుచ్చుకున్నవాడు, దోషం మాత్రం కాలానిది!

ఈ మాట ఇన్నాళ్ళూ ప్రోనోటుకు సంబంధించినదిగానే మనకు తెలుసు. ఇప్పుడది క్రెడిట్ కార్డు దాకా వచ్చింది. 2024 ఆరంభానికి దేశంలో చెలామణీలో ఉన్న క్రెడిట్ కార్డులు పది కోట్లు దాటాయి. అధ్యాపకుల గదిలో జీతాలను గురించి ఎంత చర్చ జరుగుతుందో, కార్డు బకాయిలను గురించి అన్ని గుసగుసలు జరుగుతాయి. చర్చకూ గుసగుసకూ ఉన్న తేడా గమనించాలి. జీతం రాకపోవటం బహిరంగంగా చెప్పుకోదగిన అన్యాయం. అప్పు తీర్చలేకపోవటం దాచుకోవలసిన అవమానం. మొదటిదే రెండవదానికి కారణమైనా సరే. నేను చర్చించదలచుకున్న ప్రశ్న ఈ గుసగుసల్లో నుంచి పుట్టిందే: చట్టం విధించిన గడువు దాటిన తరువాత ‘ఇక నేను ఇవ్వను’ అని చెప్పటం నీతి అవుతుందా, కాదా?

ముందు చట్టం ఏమంటున్నదో చూద్దాం. 1963 నాటి లిమిటేషను చట్టం 1964 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం తాకట్టు లేని మామూలు బాకీకి దావా గడువు మూడేళ్ళు. స్థిరాస్తి తాకట్టు పెట్టి చేసిన అప్పుకైతే పన్నెండేళ్ళు. క్రెడిట్ కార్డు బకాయి మొదటి జాతిది. గడువు దాటిన దావాను, ప్రతివాది ఆ సంగతి ఎత్తినా ఎత్తకపోయినా, కోర్టు తనంతట తానే కొట్టివేయాలని ఆ చట్టంలోని 3వ సెక్షను. ఇంతవరకూ అంతా ఋణగ్రస్తుడికి అనుకూలంగానే కనిపిస్తుంది. కాని ఇక్కడొక మెలిక ఉన్నది. గడువు దాటితే దావా వేసే మార్గం మూసుకుపోతుందే తప్ప అప్పు పోదు. బొంబాయి డైయింగు కంపెనీ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. స్థిరాస్తి విషయంలో అట్లా కాదు. స్వాధీనం కోసం దావా వేసే గడువు దాటిపోతే ఆస్తి మీద హక్కే హరించిపోతుందని అదే చట్టంలోని 27వ సెక్షను. అంటే, భూమి మీద హక్కు చచ్చిపోగలదు గాని, డబ్బు మీద హక్కుకు చావు లేదు. కోర్టు గుమ్మం ఎక్కలేదు, వల్లకాటికీ పోదు. ఊరవతల చింతచెట్టు మీద దయ్యంలాగా ఉంటుంది.

ఆ దయ్యానికి ఎంత బలం ఉన్నదనేది అది పట్టుకున్న చోటును బట్టి ఉంటుంది. 1992లో పంజాబ్ నేషనల్ బ్యాంకు వ్యాజ్యంలో, దావా గడువు దాటిపోయినా తన దగ్గర హామీగా ఉన్న డిపాజిట్టును బ్యాంకు బాకీ కింద జమ కట్టుకోవచ్చునని సుప్రీంకోర్టు అన్నది. 1999లో కేరళ నుంచి వచ్చిన మరొక వ్యాజ్యంలో, కాలదోషం పట్టిన అప్పులను రెవిన్యూ వసూళ్ళ చట్టం కింద జప్తులు చేసి రాబట్టరాదని అన్నది. చేతిలో ఏదన్నా ఉన్నవాడికి దయ్యం పడుతుంది, లేనివాడికి ఊరికే కనిపించి భయపెడుతుంది.

ఇక నీతి. గడువు చూపించి అప్పు ఎగవేయటం పెద్దమనిషి తరహా కాదనే అభిప్రాయం మన సమాజంలో బలంగా ఉన్నది. దీనికి మూలాలు చాలా లోతున ఉన్నాయి. మనిషి పుట్టటమే దేవ, ఋషి, పితృ ఋణాలతో పుడతాడని వైదిక సంప్రదాయం. ఈ జన్మలో తీర్చని బాకీ వచ్చే జన్మలో తీర్చాలనీ, భార్యా బిడ్డలూ పాడిపశువులూ అన్నీ ఋణానుబంధాలేననీ మన అమ్మమ్మలు చెప్పారు. కర్మ సిద్ధాంతపు ఖాతా పుస్తకంలో లిమిటేషను లేదు. తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చటం పుణ్యకార్యం మాత్రమే కాదు, 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించేవరకూ అది కోర్టులు గుర్తించిన బాధ్యత కూడాను. నివాసయోగ్యమైన ఊరికి ఉండవలసిన వాటిలో సుమతీ శతకకారుడు అప్పిచ్చేవాణ్ణి వైద్యుడికంటె ముందు లెక్కపెట్టాడు. అప్పు పుచ్చుకునేవాడు రాసిన పద్యమైతే ఆ వరస మారేదేమో చెప్పలేను.

ఈ సంప్రదాయాన్ని మొత్తంగా భూస్వామ్య యుగపు మూఢత్వమని తోసివేయటం సుఖమే. మన మిత్రులలో కొందరు అట్లాగే చేస్తారు. నాకది సమ్మతం కాదు. పొరుగింటివాడు తన ఇంట్లో ఉన్న నాలుగు కుంచాల బియ్యంలో రెండు నాకు పెడితే, చేబదులుగా నూరు రూపాయలిస్తే, మూడేళ్ళు పోయిన తరువాత కాలదోషం పట్టిందని నేను అతని ముఖాన చెప్పగలిగితే నాకంటె నీచుడు లేడు. అక్కడ అప్పు అనేది ఇద్దరు సమానుల మధ్య నమ్మకం. వడ్డీ లేదు, కాగితం లేదు, కోర్టు లేదు, కనుక గడువూ లేదు. శ్రమజీవులు ఒకరినొకరు బతికించుకోవటానికి ఏర్పరచుకున్న నీతి అది. దాన్ని కాపాడుకోవలసిందే. నేనడిగే ప్రశ్న వేరు. ఆ నీతిని ఆ చోటునుంచి పెకలించి తెచ్చి, నెలకు నూటికి మూడున్నర వడ్డీ కట్టించుకునే సంస్థకు కాపలా పెట్టటానికి ఎవరికి అధికారం ఉన్నది?

ఆ సంప్రదాయమైనా సగమే మనకు చెప్పారు. తీర్చమని చెప్పిన ధర్మశాస్త్రాలే ఎంతవరకు తీర్చాలో కూడా చెప్పాయి. ఒకేసారి వసూలు చేసే వడ్డీ అసలును మించరాదనే ద్వైగుణ్య నియమం మనుస్మృతిలోనే ఉన్నది. మనుస్మృతిని నేను సాక్ష్యానికి పిలవటం ఇదే మొదటిసారి, బహుశా ఇదే చివరిసారి. ‘దామ్‌దుపట్’ అనే పేరుతో బ్రిటిషు కోర్టులు కూడా బొంబాయి ప్రాంతంలో ఈ నియమాన్ని పాటించాయి. 1938లో మద్రాసు శాసనసభ చేసిన వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టం ఇంకొక అడుగు ముందుకు పోయింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల విషయంలో, రైతు అసలూ వడ్డీ కలిసి అసలుకు రెట్టింపు చెల్లించి ఉంటే అప్పు అసలుతో సహా తీరిపోయినట్లేనని ఆ చట్టం ప్రకటించింది. అప్పుడు మద్రాసులో భాగంగా ఉన్న మన ఆంధ్ర జిల్లాల్లో ఈ చట్టం పుణ్యమా అని ఎన్నో నోట్లు చిత్తుకాగితాలయ్యాయి. అందుకు చట్టం చేసినవాళ్ళ దయకంటె రైతు ఉద్యమాల ఒత్తిడి ఎక్కువ కారణమని నా నమ్మకం.

ఇప్పటి లెక్క చూడండి. నెలకు నూటికి మూడున్నర చొప్పున వడ్డీని నెలనెలా అసలులో కలుపుతూ పోతే బాకీ ఇరవై ఒక్క నెలలు తిరక్కుండానే రెట్టింపవుతుంది. ముప్పై ఆరు నెలలకు దాదాపు మూడున్నర రెట్లవుతుంది. అంటే లిమిటేషను గడువు పూర్తయ్యేలోపలే ద్వైగుణ్య నియమం ఒకటిన్నరసార్లు భంగమవుతుంది. ఆ వడ్డీ మీద నూటికి పద్దెనిమిది చొప్పున జి.ఎస్.టి. వేరు. మా ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేవాణ్ణి వడ్డీవ్యాపారి అంటాము, మూడు తీసుకునేవాణ్ణి రక్తం తాగేవాడంటాము. మూడున్నర తీసుకుంటూ గాజు తలుపుల వెనక కూచున్నవాణ్ణి రిలేషన్‌షిప్ మేనేజరు అంటున్నాము. విపరీతమైన వడ్డీని తిరగదోడే అధికారాన్ని 1918 నాటి చట్టం కోర్టులకు ఇచ్చింది. బ్యాంకింగు చట్టంలో చేర్చిన 21ఎ సెక్షను 1984 నుంచి బ్యాంకుల విషయంలో ఆ అధికారాన్ని తీసివేసింది. కార్డు బకాయిల మీద సాలుకు ముప్పై శాతం మించిన వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషను 2008లో చెప్పింది. సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో ఆ తీర్పును కొట్టివేసింది. కనుక వడ్డీకి పరిమితి లేదు. మిగిలిన పరిమితి ఒక్క కాలానిదే.

కాని కాలపరిమితి మీద ఆశలు పెట్టుకునే ముందు దాని చరిత్ర కూడా తెలుసుకోవాలి. మన దేశంలో ఈ చట్టం మొదట వచ్చింది 1859లో. ఋణపత్రం మూడేళ్ళు మాత్రమే చెల్లుతుందన్నారు. వడ్డీ కొండలాగా పెరగకుండా రైతును కాపాడటం దాని ఉద్దేశం. దక్కనులో ఏం జరిగింది? మూడేళ్ళు నిండవచ్చేసరికి షావుకారు రైతును పిలిచి కొత్త పత్రం రాయించుకునేవాడు. పాత అసలూ, వడ్డీ, వడ్డీ మీద వడ్డీ కలిసి కొత్త పత్రంలో అసలయ్యేవి. రైతు వేలిముద్ర వేసేవాడు. వెయ్యకపోతే దావా. రైతును రక్షించవలసిన గడువే రైతును మూడేళ్ళకొకసారి గానుగలో వేసి తిప్పింది. 1875 మే 12న పూనా జిల్లా సూపా గ్రామంలో రైతులు షావుకార్ల ఇళ్ళమీద పడి ఖాతా పుస్తకాలూ ఋణపత్రాలూ అడిగి తీసుకుని తగలబెట్టారు. ఆ మంట అహ్మద్‌నగరు జిల్లాకు పాకింది. వాళ్ళు ముఖ్యంగా తగలబెట్టింది కాగితాలను. అది అరాచకం కాదు, రాజకీయ జ్ఞానం. తమను కట్టివేసిన తాడు ఏదో వాళ్ళకు తెలుసు. ఆ మీద 1879లో ప్రభుత్వం దక్కను రైతుల సహాయ చట్టం చేస్తూ, గడువును తగ్గించటానికి బదులు పొడిగించింది! రైతు మేలుకోసమే మూడేళ్ళు పెట్టారు, రైతు మేలుకోసమే పెంచారు. గడువు పొట్టిదా పొడుగుదా అనేదానిలో మేలు లేదు. తిరగరాయించే బలం ఎవరి చేతిలో ఉన్నదనేదానిలో ఉన్నది.

మన పల్లెల్లో ‘నోటు తిరగరాయటం’ ఇదే తంతు. నోటు వెనక ‘చెల్లు’ వేయించటం కూడా ఇదే తంతు. పదిరూపాయలు చెల్లు వేయించుకుని, ఆ తేదీనుంచి మళ్ళీ మూడేళ్ళు లెక్కపెట్టుకుంటారు. ఎరిగిన షావుకారు మూడో ఏడు మాఘమాసంలో మహా ప్రేమగా వచ్చి, ‘ఏం బావా, నీ దగ్గర ఎంతుంటే అంతే ఇయ్యి’ అంటాడు. క్రెడిట్ కార్డు యంత్రం ఈ మాఘమాసపు ప్రేమను నెలనెలా పంపే కాగితంలో అచ్చువేసింది. దానిపేరు కనీస చెల్లింపు. మొత్తం బాకీలో స్వల్పభాగం కట్టు, కార్డు బతికి ఉంటుంది, నీ పరువు బతికి ఉంటుంది అని ఆ అంకె చెపుతుంది. అది బతికించేది బాకీని.

మా కళాశాలలో ఒక కాంట్రాక్టు అధ్యాపకుడున్నాడు. ఏడేళ్ళ క్రితం అయిదు నెలలపాటు జీతాలు రానప్పుడు కార్డు మీద నలభైవేలు వాడుకున్నాడు. ఏడాదిన్నర కిందామీదా పడి కనీసపు మొత్తాలు కట్టాడు, తరువాత చేతకాలేదు. బ్యాంకు దావా వెయ్యలేదు. నాలుగున్నరేళ్ళు అతన్ని అడిగిన నాథుడు లేడు. నిరుడు ఒక వసూళ్ళ కంపెనీ నుంచి ఫోను వచ్చింది. లక్షా ఎనభైవేలు బాకీ అన్నారు. అతను నోరు తెరిచేలోపలే ఆ కుర్రవాడు స్వరం మార్చాడట: ‘సార్, మొత్తం ఇప్పుడు కట్టమనటం లేదు సార్. మీ మంచితనం కింద ఒక అయిదువందలు వెయ్యండి. మిగతాది కడతానని చిన్న లెటరు రాసి సంతకం పెట్టి, ఫొటో తీసి పంపండి. మా మేనేజరుతో మాట్లాడి నేను తగ్గిస్తా.’ అతను నా దగ్గరకు వచ్చి, ‘మాస్టారూ, అయిదువందలే గదా, పడేస్తే పీడ పోతుంది’ అన్నాడు.

పీడ పోదు, వస్తుంది. చట్టం ఇట్లా ఉన్నది. గడువు లోపల బాకీని ఒప్పుకుంటూ సంతకం పెట్టి ఏం రాసినా ఆ రోజునుంచి కొత్త గడువు మొదలవుతుందని లిమిటేషను చట్టంలోని 18వ సెక్షను. ‘బాకీ ఉన్నమాట నిజమే, కాని ఇవ్వను పో’ అని రాసినా అది ఒప్పుకోలే! గడువు లోపల కొంత చెల్లించినట్లు రాతమూలకంగా తేలినా అంతే, అది 19వ సెక్షను. గడువు దాటిన తరువాత ఈ రెండూ పనిచేయవు. ఉత్త అయిదువందలు అప్పుకు ప్రాణం పోయలేవు. కాని 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 25వ సెక్షను మూడవ అంశం ఒకటి కాచుకుని ఉన్నది. కాలదోషం పట్టిన అప్పును తీరుస్తానని సంతకం పెట్టి రాసి ఇస్తే అది కొత్త ఒప్పందమవుతుంది. అయిదువందలు ఎర మాత్రమే. అసలు గాలం ఆ ‘చిన్న లెటరు’. అదే చట్టం 60వ సెక్షను ప్రకారం, ఏ బాకీకిందో చెప్పకుండా మనం కట్టిన సొమ్మును కాలదోషం పట్టిన బాకీకి జమకట్టుకునే స్వేచ్ఛ ఋణదాతకు ఉన్నది. ఇదంతా నేను అతనికి చెప్పాను. అతను విన్నాడు. విని, ‘అదంతా సరే మాస్టారూ, కాని నేను వాడుకున్నమాట నిజమే గదా!’ అన్నాడు.

నన్ను ఈ వ్యాసం రాయటానికి పురికొల్పింది ఆ మాటే. ఆ కుర్రవాడు ‘మీ మంచితనం కింద’ అన్నాడు. ఎంత తూచి వాడిన మాట! ఆ కంపెనీ ఆ మాటను నేర్పి కూచోబెట్టి ఉంటుంది. తాకట్టు లేని అప్పు అని కార్డు అప్పుకు పేరు. తాకట్టు లేకుండా ఏ వ్యాపారి అప్పిస్తాడు? తాకట్టు ఉన్నది. అది మధ్యతరగతివాడి పరువు. పొలం తాకట్టు పెట్టుకున్నవాడు పొలం మీదికి వస్తాడు, పరువు తాకట్టు పెట్టుకున్నవాడు పరువు మీదికి వస్తాడు. అందుకే ఫోను ఋణగ్రస్తుడికి కాక అతని బావమరిదికి, ప్రిన్సిపాలుకు, ఇంటి యజమానికి వస్తుంది. బెదిరింపులు, నలుగురిలో అవమానించటం, కుటుంబంవాళ్ళ, మిత్రుల జోలికి పోవటం పనికిరాదని రిజర్వు బ్యాంకు 2022లో క్రెడిట్ కార్డులపై జారీచేసిన ఆదేశాల్లో స్పష్టంగా ఉన్నది. ఆ ఏడు ఆగస్టులోనే ఉదయం ఎనిమిదికి ముందూ, రాత్రి ఏడు తరువాతా వసూళ్ళ ఏజెంట్లు ఫోను చేయరాదన్నది. అంతకుముందు 2007లోనే సుప్రీంకోర్టు, గూండాల చేత అప్పులు వసూలు చేయించుకోవటం చట్టబద్ధ సమాజంలో చెల్లదని బ్యాంకులను మందలించింది. ఇన్ని ఉండగా 2020లో మన తెలుగు రాష్ట్రాల్లో రుణయాప్‌ల వాళ్ళు ఏం చేశారు? ఋణగ్రస్తుల ఫోనుల్లో ఉన్న పేర్లన్నిటికీ వాళ్ళను దొంగలని సందేశాలు పంపారు. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాదు పోలీసులు డిసెంబరులో కాల్ సెంటర్లమీద దాడులు చేసిన తరువాతగాని ఆ వ్యాపారపు వైనం లోకానికి తెలియలేదు. 2010లో సూక్ష్మఋణ సంస్థల వసూళ్ళకు పల్లెల్లో ఆడవాళ్ళు బలికావటం, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవటం అప్పటికి పదేళ్ళనాటి మాట. చచ్చిపోయినవాళ్ళెవరూ ఎగవేతగాళ్ళు కారు. ఎగవేతగాడు చావడు. ఫొటోల బిల్లుకు మనిషి వస్తే గిరీశం చచ్చిపోయాడా? నీతి ఉన్నవాణ్ణే ఆ నీతి చంపింది.

అప్పు కట్టలేకపోవటం నేరం కాదు. ఈ ఒక్క వాక్యం మన విద్యార్థులకు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. చేతకాక కట్టలేనివాణ్ణి, దురుద్దేశం రుజువు కాకుండా, సివిలు జైలులో పెట్టటం రాజ్యాంగానికి విరుద్ధమని 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. డిక్రీ వచ్చినా సరే, జీతంలో మొదటి వెయ్యి రూపాయలూ, మిగతాదానిలో మూడింట రెండువంతులూ జప్తుకు లొంగవు. చేతిపనివాడి పనిముట్లను ముట్టకూడదు. ఈ హక్కులు దయాదాక్షిణ్యాలు కావు. వాటిని ఎరిగి ఉండటం అవినీతి అంతకన్నా కాదు.

సమాజంలో పైమెట్టున ఉన్నవాళ్ళు ఈ సంకోచమేమీ పడటంలేదని గమనించాలి. దివాలా చట్టం కింద వచ్చే దరఖాస్తులకు కూడా లిమిటేషను చట్టం వర్తిస్తుందా అనే వివాదం 2018లో సుప్రీంకోర్టు దాకా పోయింది, వర్తిస్తుందని తీర్పు వచ్చింది. కంపెనీల తరఫున పెద్ద పెద్ద న్యాయవాదులు గడువు దాటిందని వాదించారు. వాళ్ళ క్లయింట్లు పరువుతక్కువని ఎవరూ తలలు వంచుకోలేదు. ఉండి కూడా కట్టని ‘ఉద్దేశపూర్వక ఎగవేతదారుల’తో సైతం బ్యాంకులు రాజీ పరిష్కారం చేసుకోవచ్చునని 2023 జూన్ 8న రిజర్వు బ్యాంకు దారి చూపింది. వేలకోట్లు వదులుకుంటే దానికి ‘హెయిర్‌కట్’ అని ముద్దుపేరు. మాకు గుండు, వాళ్ళకు క్షవరం. ప్రభుత్వమైతే తన దావాలకు తానే ముప్పై ఏళ్ళ గడువు రాసుకున్నది. వర్గ సమాజంలో కాలం కూడా అందరికీ ఒకే వేగంతో నడవదు.

నా మీదికి రాగల ఆక్షేపణ నాకు తెలుసు. బ్యాంకుల్లో ఉన్నది ప్రజల సొమ్మేగదా, 1969లో పద్నాలుగు బ్యాంకులను జాతీయం చేసినప్పుడు మనమే పండగ చేసుకున్నాం గదా, ఆ సొమ్ము ఎగవేస్తే నష్టం ఎవరికి? ఈ ఆక్షేపణలో పస ఉన్నది. బ్యాంకుకు పైసా కట్టనవసరం లేదు, అది దోపిడిదారుడిదని వీరావేశంతో చెప్పే విద్యార్థి మిత్రులతో నేను ఏకీభవించను. తీసుకున్న నలభైవేలు శూన్యంలో నుంచి ఊడిపడలేదు, ఎవరో దాచుకున్న సొమ్ము. ఇవ్వగలిగినవాడు, న్యాయమైన వడ్డీతో అసలు ఇచ్చివేయటం మంచిపని. కాని మా మిత్రుడి వ్యవహారంలో అడుగుతున్నది అది కాదు. ఏడాదిన్నరపాటు అతను కట్టినదంతా వడ్డీకిందే పోయింది. అడిగేది ఆ బ్యాంకు కాదు, వసూళ్ళలో వాటా పుచ్చుకునే కంపెనీ. రానిబాకీలను అసలులో కొంత భాగానికి బ్యాంకుల దగ్గర కొని, మొత్తంగా వసూలు చేసుకునే పునర్నిర్మాణ సంస్థలకు 2002 నాటి చట్టంతోనే చోటు దొరికింది. అట్లా కొన్నవాడికీ ఋణగ్రస్తుడికీ మధ్య ఏ నమ్మకం ఉన్నది, భంగం కావటానికి? వాడు ఈ మనిషికి ఏనాడూ ఏమీ ఇవ్వలేదు. వాడు కొన్నది ఒక అవకాశం. ఈ మనిషి భయపడతాడనే అవకాశం.

మరొక సంగతి. గడువు ఋణగ్రస్తుడికి చట్టం పడేసిన భిక్ష అనుకోవటం పొరపాటు. మూడేళ్ళలో కాగితాలు పోతాయి, సాక్షులు మరచిపోతారు, కార్డు కంపెనీ లెక్కలు పంపిన చిరునామాలో మనిషి ఉండడు. లెక్క సరైనదో కాదో తేల్చే ఆధారం ఋణగ్రస్తుడి దగ్గర ఉండదు, కంప్యూటరు ఉన్నవాడి దగ్గరే ఉంటుంది. ఆలస్యం వల్ల బలవంతుడికి లాభం రాకూడదనేదే గడువులో ఉన్న న్యాయం. వడ్డీ పెరగనిచ్చి, నాలుగేళ్ళు మౌనంగా ఉండి, అప్పుడు వచ్చి లక్షా ఎనభైవేలు అడిగేవాడు ఆ మౌనానికి వెల కట్టమంటున్నాడు. మా మిత్రుడి అంతరాత్మకు నేను చెప్పగలిగింది ఇది: నీవు వాడుకున్నమాట నిజం, ఆ నిజానికి బాధ్యుడివి నీవు. ఎప్పుడు, ఎంత, ఎట్లా తీర్చాలో నీవు ఆలోచించుకో. దానిమీద తీర్పు చెప్పే పని ఫోనులో ఉన్న కుర్రవాడిది కాదు. పాపం, ఆ కుర్రవాడిది కూడా మన కళాశాలల్లో డిగ్రీ పుచ్చుకుని, నెలకు ఇన్ని వసూళ్ళని కోటా కట్టించుకున్న బతుకే.

అప్పుకు చావు ఉండటం ప్రకృతి విరుద్ధమేమీ కాదు. స్కాట్లండులో 1973 నాటి చట్టం ప్రకారం అడక్కుండా, ఒప్పుకోలు లేకుండా అయిదేళ్ళు గడిస్తే బాకీయే అంతరించిపోతుంది. పక్కనే ఉన్న ఇంగ్లండులో ఆరేళ్ళు, అక్కడ దావా మాత్రమే పోతుంది. అమెరికాలో మన తెలుగు పిల్లలు లక్షల్లో ఉన్నారు గనుక అక్కడి సంగతి కూడా చెప్పాలి. విస్కాన్సిన్, మిసిసిపీ రాష్ట్రాల్లో గడువు దాటితే అప్పు పూర్తిగా పోతుంది. తక్కిన చాలాచోట్ల పోదు, పైగా కొన్నిచోట్ల గడువు దాటాక కట్టిన పది డాలర్లు సైతం దాన్ని లేపి కూచోబెడతాయి. కాలదోషం పట్టిన బాకీకి దావా వేస్తామని వసూళ్ళ కంపెనీలు బెదిరించటాన్ని మాత్రం 2021 నవంబరులో అమలుకు వచ్చిన నిబంధన అక్కడ నిషేధించింది. ఒక నది ఇవతల అప్పు చస్తుంది, అవతల చావదు. సనాతన ధర్మమైతే ఇట్లా ఏట్లో మునిగి తేలదు గదా!

కనుక మనం అడగవలసింది పెద్ద విప్లవమేమీ కాదు. గడువు దాటిన బాకీని అడిగే ప్రతివాడూ అది గడువు దాటిందని మొదటి మాటగా, తెలుగులో చెప్పాలి. చెప్పకుండా రాయించుకున్న హామీ చెల్లకూడదు. 25వ సెక్షను మూడవ అంశం బ్యాంకులకూ వాటినుంచి బాకీలు కొన్నవాళ్ళకూ వర్తించకుండా చేయాలి. సమానుల మధ్య చేబదుళ్ళకు అది ఉంటే ఉండనీయండి, అక్కడ దానికి అర్థం ఉన్నది. అంతవరకు అధ్యాపక సంఘాలు చేయగల పని ఒకటున్నది. ఈ మధ్య బ్యాంకులు దావా వేయకముందే లోకదాలతుకు రమ్మని నోటీసులు పంపుతున్నాయి. కోర్టు ముద్ర చూసి మనవాళ్ళు హడలిపోయి వెళతారు. అక్కడ కూచున్నవాళ్ళు సౌమ్యంగా మాట్లాడతారు, సగానికి సగం తగ్గిస్తామంటారు. మొగమాటానికి సంతకం పెట్టి వస్తారు. 1987 నాటి చట్టం ప్రకారం ఆ రాజీ అవార్డు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. డిక్రీ అమలుకు గడువు పన్నెండేళ్ళు. మూడేళ్ళకు చచ్చిన దావా ఆ మధ్యాహ్నం ఒక్క సంతకంతో పన్నెండేళ్ళ ఆయువు పోసుకుంటుంది. అక్కడ రాజీకి ఎవరినీ బలవంతపెట్టే వీల్లేదనీ, ‘నాకు సమ్మతం కాదు’ అని చెప్పి లేచి రావచ్చుననీ, రావటం వల్ల శిక్ష ఏదీ పడదనీ వెళ్ళేవాడికి ముందే చెప్పి, వీలైతే వెంట ఒకరు వెళ్ళి ఆ బల్ల దగ్గర పక్కన కూచోవాలి.